జాడ ప్రకారం మేము నీళ్లలో ఉన్నాం

నమోదు 1. శుక్రవారం

ఫోన్‌లో ఫిర్యాదు పెడితే, జరిగింది జరిగినట్టు ఏ రోజుకారోజు రాసి పెట్టమని ఫిర్యాదుల కేంద్రం నుంచి సందేశం వచ్చింది. అలా రాసి పంపితేనే పై అధికారులు చూస్తారట. సరే, రాస్తున్నాను. దీన్ని చదివేది ఎవరో గాని కాస్త ఓపిక పట్టాలి. నా ఓపిక మాత్రం ఈ సాయంత్రానికి అయిపోయింది.

నా పేరు వరహాలమ్మ. బోడిమెట్ట కాలనీలో పిండి మర నడుపుతాను. మా ఆయన జగన్నాయకులుకి రెండు కిడ్నీలూ పనిచేయవు. రోజుకు నాలుగుసార్లు పొట్టకు అమర్చిన గొట్టంలోంచి మందునీళ్లు లోపలికి ఎక్కించాలి, కొన్ని గంటలయ్యాక వాటిని బయటికి తీసేయాలి. నాలుగుసార్లూ నేనే చేస్తాను. మర ఆపి, ఒంటి మీద పిండి అంతా కడుక్కుని, చీర మార్చుకుని, మాస్కు కట్టుకుని, తలుపులు మూసి, ఫ్యాను ఆపి అప్పుడు సంచి ముట్టుకోవాలి. పిండి రవ్వంత గొట్టంలోకి పోయినా ఆయన ప్రాణం మీదికి వస్తుంది.

ఆ సంచులు వారానికోసారి, శుక్రవారం పూట, మోతపిట్ట తెస్తుంది. మనిషి లేకుండా ఎగిరే బరువుల బండిని మా వైపు అలాగే అంటారు. పెద్ద పెట్టెని వాకిట్లో దించి వెళ్లిపోతుంది. ఈ రోజు మర ఆడుతుండగా ఫోన్‌కి సందేశం వచ్చింది, 'మీ పెట్టె అందింది, ధన్యవాదాలు' అని. ఇంటికి వెళ్లి చూస్తే వాకిలి ఖాళీ. డాబా మీద చూశాను, పెరట్లో చూశాను, పక్కింటి వాళ్లనడిగాను. అంతలో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అక్కని అప్పా అని పిలిచే మా వైపు యాసే.

"వరహాలమ్మ అంటే నువ్వేనా అప్పా? నా పేరు దానయ్య. నీలగెడ్డ రిజర్వాయర్లో సేపలు పడతాను. నీ పేరున్న పెట్టె ఒకటి నా వల మీద పడ్డాది."

"రిజర్వాయర్లోనా?"

"నట్టనడుమ. గాలి బుడగ కట్టుకోని తేలతన్నాది."

అంటే కింద నీళ్లున్నాయని ఆ బండికి తెలిసింది. తెలిసి, పెట్టెకి బుడగ కట్టి మరీ దించింది. నీళ్లలో ఎవరు కాపురం ఉంటారన్న అనుమానం మాత్రం దానికి రాలేదు.

ఫోన్‌లో జాడ తెరిచాను. 'మీరున్న చోటు: గెడ్డవలస, రెండో వీధి' అని చూపించింది. గెడ్డవలస మా పాత ఊరు. ఈ ఏడు వానల్లో అది రిజర్వాయరు కింద మునిగిపోయింది. అంతకు ముందే మా అందరినీ తెచ్చి ఈ రాళ్ల మెట్ట మీద పెట్టారు.

చీకటి పడకముందే దానయ్య పెట్టెని మోటారు సైకిలు వెనక కట్టుకుని తెచ్చి ఇచ్చాడు. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. టీ ఇస్తే తాగి, మళ్లీ వల తీయాలంటూ వెళ్లిపోయాడు.

నమోదు 2. శనివారం

ఫిర్యాదుల కేంద్రానికి ఫోన్ చేశాను. ముందు యంత్రం మాట్లాడింది. "మీరు నీటిలో ఉన్నట్టు గుర్తించాం. మీరు ప్రమాదంలో ఉంటే ఒకటి నొక్కండి." మనిషితో మాట్లాడాలంటే ఏం నొక్కాలో చెప్పలేదు. విసుగొచ్చి ఒకటి నొక్కాను.

కాసేపటికి దానయ్య ఫోన్ చేశాడు. "అప్పా, నువ్వేటైనా సేసినావా? ఇక్కడికి ఎర్ర పడవ వొచ్చినాది. ఇద్దరు మనుసులు మైకులో నీ పేరెట్టి పిలస్తన్నారు."

వాళ్లకి ఫోన్ ఇమ్మన్నాను. నేను క్షేమంగా మెట్ట మీద మర దగ్గర ఉన్నానని చెప్పాను. ఆ పడవలో మనిషి నమ్మలేదు. "అమ్మా, కంగారు పడకండి, నీళ్ల మీద ఏదైనా పట్టుకుని తేలుతూ ఉండండి" అన్నాడు. వెనక మర చప్పుడు వినిపిస్తోంది కదా అంటే, అది పడవ ఇంజను అనుకున్నానన్నాడు.

మధ్యాహ్నానికి ఎలాగో ఒక మనిషి దొరికింది. పేరు ప్రసూన, మాట్లాడేది అనంతపురం నుంచి. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. ఈ వ్యవహారంలో అలా విన్న మొదటి మనిషి ఆ అమ్మాయే.

"పైనుంచి ఉపగ్రహాలు చెప్పడం ఆగిపోయి చాలా ఏళ్లయింది కదండీ. ఇప్పుడు ఫోన్ తన చుట్టూ చూసుకుని తానెక్కడుందో తెలుసుకుంటుంది. దగ్గర్లో ఏ టవరుంది, ఏయే ఇళ్ల వైఫై పెట్టెలున్నాయి, పక్కనున్న ఫోన్లు ఏమంటున్నాయి అని. ఎక్కువమంది ఏమంటే అదే జాడ."

"మరి మా చుట్టూ ఉన్నవాటికి ఏమొచ్చింది?"

"మీరు ఊరు మారినప్పుడు వైఫై పెట్టెలు తెచ్చుకున్నారా?"

తెచ్చుకోక ఏం చేస్తాం. చెంచాలు కూడా తెచ్చుకున్నాం.

"టవరో?"

టవరు కూడా గెడ్డవలసదే. కంపెనీ వాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ బిగించారు. ప్రసూన ఏవో కీలు నొక్కి చూసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఊరు ఊరంతా లేచి వచ్చింది. చుట్టూ ఉన్నవన్నీ ఇది గెడ్డవలస అనే చెప్తున్నాయి. ఇన్నాళ్లూ ఆఫీసు వాళ్లు చేత్తో ఎక్కించిన చిరునామా కాపాడింది. మొన్నటి నుంచి చేత్తో ఎక్కించినవి చెల్లవని కొత్త నిబంధన వచ్చింది."

"ఆ నిబంధన పెట్టినాయన్ని ఒకసారి మా ఇంటికి రమ్మను."

"వస్తే రిజర్వాయరుకే వెళ్తారండీ" అంది. ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. నాకు రాలేదు.

నమోదు 3. మంగళవారం

నేనొక్కదాన్నే కాదు. బడికి రావలసిన పుస్తకాలు నీళ్లలో పడ్డాయి. పాలకేంద్రం బండి రిజర్వాయరు గట్టు దాకా వెళ్లి, అక్కడ కాసేపు హారను కొట్టి, తిరిగి వెళ్లిపోయింది. ఆటో పిలిస్తే 'ఈ ప్రాంతానికి పడవ సేవ మాత్రమే ఉంది' అని వస్తోంది.

కాలనీ అంతా కూడి వైఫై పెట్టెలన్నీ ఒకేసారి ఆపేశాం. ఇంటింటికీ తిరిగి నేనే చెప్పాను. నా కాళ్లు పడిపోయాయి. అప్పుడు జాడ టవరు మాట విని గెడ్డవలస అంది. బతిమాలితే కంపెనీ వాళ్లు గంటసేపు టవరు కూడా ఆపారు. అప్పుడేమందంటే, 'సంకేతాలు లేవు. మీరు చివరగా ఉన్న చోటు: గెడ్డవలస.'

ఫోన్‌ని నేలకేసి కొడదామనుకున్నాను. సంచుల పెట్టె వివరాలు అందులోకే వస్తాయని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నమోదు 4. గురువారం

పట్నంలో మందుల గిడ్డంగికి వెళ్లాను. పెట్టెలు నా చేతికే ఇచ్చేయండి, ఆటోలో తీసుకుపోతానని అడిగాను. అక్కడున్న కుర్రాడు తెర చూసి, "మీకు ప్రతి వారం అందుతున్నట్టే ఉంది కదమ్మా" అన్నాడు.

"నీళ్లలో అందుతోంది బాబూ."

"అందుతోంది కదా."

"ఆ జాలరి లేకపోతే అందదు."

"జాలరి ఉన్నాడు కదండీ మరి" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే నన్ను సముదాయిస్తున్నాడు. ఎవరి మందు వాళ్ల జాడకే పంపాలట, చేతికివ్వడం కుదరదట. మధ్యాహ్నం ఎక్కించాల్సిన వేళ దాటిపోతోందని పరిగెత్తి బస్సెక్కాను. ఇంటికొచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆలస్యమైందేమని అడగలేదు. అడిగినా బాగుండేది.

నమోదు 5. శుక్రవారం

రెండో పెట్టె కూడా నీళ్లలోనే పడింది. దానయ్య వేళకి అక్కడే ఉండి అందుకున్నాడు. ఈ వారం మధ్యలో కూడా రెండుసార్లు బడి పుస్తకాలు తెచ్చి ఇచ్చాడు. కాలనీలో పిల్లలు అతని బండి చప్పుడు గుర్తుపడుతున్నారు. ఈ రోజు బలవంతంగా కూర్చోబెట్టి అన్నం పెట్టాను. అతని వయసు నలభై ఉంటుంది. మాట తక్కువ, తినేటప్పుడు అసలు మాట్లాడడు.

తిన్నాక మా ఆయన అడిగాడు. "పడవలోంచి సూస్తే మా ఇల్లు కనిపిస్తాదా దానయ్యా?"

"నీలు మురికి బావా. ఏటీ కనబడదు."

"రెండో వీది. మూల మీద ఇల్లు. నీలం తలుపులు."

"ఏసంగిలో నీలు తేరతాయి. అప్పుడు సూసి సెప్తాను."

ఆయన తల ఊపి ఫోన్ తీశాడు. ఈ మధ్య రోజంతా జాడ తెరిచి ఆ చుక్క వైపే చూస్తూ కూర్చుంటున్నాడు. గెడ్డవలస, రెండో వీధి, మూల ఇల్లు. నేను దీన్ని మార్పించడానికి ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, ఈయన దాన్ని చూసి మురిసిపోతున్నాడు. నాకు ఒళ్లు మండింది. "అక్కడే ఉండిపోండి, మందు నేనే ఈదుకుంటూ తెచ్చిస్తాను" అన్నాను. ఆయన ఫోన్ తలగడ కింద పెట్టేశాడు. దానయ్య ఏమీ విననట్టు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నమోదు 6. సోమవారం

ప్రసూన తనే ఫోన్ చేసింది. మా ఫిర్యాదుని పై వాళ్లు పరిశీలించారట. పరిశీలించి కొట్టేశారట. కారణం, బయటి సాక్ష్యం కూడా మేము రిజర్వాయరులోనే ఉన్నామని చెబుతోంది.

"బయటి సాక్ష్యం ఎవరిది?"

"మీ ఊరిది కాని ఫోన్ ఒకటుంది. రోజంతా రిజర్వాయరు మీదే ఉంటుంది. అది డ్యామ్ మీది టవరుతో మాట్లాడుతుంది, ఆ టవరు ఎప్పుడూ కదల్లేదు కాబట్టి దాని మాటకి చాలా విలువ. ఆ ఫోన్‌కి మీ ఇళ్ల వైఫై పెట్టెలు మాటిమాటికీ కనిపిస్తున్నాయి. నీళ్ల మీద ఉండే ఫోన్‌కి మీరు కనిపిస్తున్నారంటే మీరూ నీళ్ల దగ్గరే ఉన్నారని అర్థం చేసుకుంటోంది."

అది దానయ్య ఫోన్. మా పెట్టెలు మోసుకుని వచ్చిన ప్రతిసారీ అతని జేబులో ఫోన్ మేము నీళ్లలో ఉన్నామని సాక్ష్యం చెప్పి వెళ్లింది. ఎంత మంచితనం చేస్తే అంత లోతుకి దిగాం. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక మర పట్టా మీద ఒక దెబ్బ వేశాను. చెయ్యి వాచింది.

ఏం చెయ్యాలో చెప్పమని ప్రసూనని నిలదీశాను. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, ఆఫీసు మాట వదిలేసి, తన ఊరి మాటలో చెప్పింది.

"అక్కా, ఇది నేను చెప్పకూడదు. అయినా చెప్తా ఉండా. మీ ఊరి మొగమే చూడని ఫోన్లు కావల్ల. హైవే మీద టోల్‌గేటు టవరు కదల్లేదు గదా, ఆడ్నుంచి ఆ ఫోన్లు ఆగకుండా మీ కాలనీ దాకా నడిచి రావల్ల. అడుగులు ఎన్ని, యే దిక్కుకు అని ఫోన్ తనే లెక్కపెట్టుకుంటాది. వచ్చినాక ఒక పూట ఆడ్నే ఉండల్ల. ఒకటి రెండు చాలవు. పదులల్లో ఉండల్ల."

"మా మెట్ట మీదికి అంతమంది కొత్తవాళ్లు ఎందుకొస్తారు?"

"అదే నాకూ తెలీదక్కా."

సాయంత్రం దానయ్య వచ్చాడు. చెప్పక తప్పలేదు. అతను ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు, దాని మీద ఏదో అంటుకుని ఉన్నట్టు.

"నా వొల్లేనా అప్పా?"

"నీ వల్ల కాదయ్యా, ఆ దిక్కుమాలిన దాని వల్ల. ఈసారి నుంచి ఫోన్ ఇంట్లో పెట్టి రా."

"అలాగే" అన్నాడు. టీ తాగకుండా వెళ్లిపోయాడు.

నమోదు 7. శుక్రవారం

మంగళవారం నుంచి రోజూ పొద్దున మర మూసి టోల్‌గేటు దగ్గర నిలబడుతున్నాను. టీ తాగడానికి దిగినవాళ్లని పట్టుకుని మా ఊరికి రమ్మని అడుగుతున్నాను. ఒకరు ఏ పార్టీ అని అడిగారు. ఇంకొకరు ప్రార్థనలకా అన్నారు. ఒకావిడ జాలిగా చూసి నాకు అరటిపండు ఇచ్చింది. ఇంతవరకు ఒక్కరు కూడా రాలేదు.

ఈ రోజు తుపాను హెచ్చరిక వచ్చింది. పైన కొండల్లో అప్పుడే వానలు పడుతున్నాయి, డ్యామ్ గేట్లు ఎత్తారు. పెట్టె పడే వేళకి దానయ్య వెళ్లాడు. పెట్టె పడటం కళ్లారా చూశాడట. పడవ దాని దగ్గరికి చేరేలోగా నీటి లాగుడుకి అది గేట్ల వైపు పోయింది. అతను వెంబడించాడు. గేట్ల దగ్గర కాపలావాళ్లు కేకలు వేస్తే ఆగాడు.

ఆ సంగతి చెప్పడానికి ఫోన్ లేకుండా, వానలో, ఇంత దూరం వచ్చాడు. తల దించుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"ఇంకొంచెం ఎల్తే అందీసును అప్పా."

"అందేదో లేదో గాని నువ్వు పోయేవాడివి. నీ పెళ్లాం వచ్చి అడిగితే నేనేం చెప్పను? ఇంక గేట్లు దించేదాకా ఆ నీళ్లలోకి దిగకు" అని గట్టిగా కేకలేశాను. తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

ఇంకో పెట్టె పంపమని గిడ్డంగికి ఫోన్ చేస్తే అందినట్టే ఉందన్నారు. ఆపదకని దాచినవి కలిపి మిగిలిన సంచులు లెక్కేసుకుని నాలుగుసార్లని రెండుసార్లు చేశాను.

నమోదు 8. బుధవారం

మా ఆయన పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చునే నిద్రపోతున్నాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా చాలాసేపు అలాగే ఉంటున్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేశాను. అది రిజర్వాయరు గట్టు మీదికి వెళ్లింది. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే తుపాను వల్ల పట్నం దారి పొద్దున్నే మూసేశారు.

పక్కింటామెని ఆయన దగ్గర కూర్చోబెట్టి మళ్లీ టోల్‌గేటుకి బయల్దేరాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు. ఇంట్లో కూర్చుని ఆయన ఊపిరి వినలేకపోయాను, అంతే.

టోల్‌గేటు దగ్గర బరంపురం నుంచి వచ్చే బస్సు ఆగి ఉంది. డ్రైవరు లేని బస్సు. తుపాను దగ్గరికి వచ్చేసిందన్న హెచ్చరిక రాగానే తనంతట తనే పక్కకి తీసి ఆగిపోయింది. లోపల ముప్పై మందికి పైగా ఉన్నారు. దగ్గరలో సురక్షిత స్థలం ఏదీ లేదని, సీట్లలోనే కూర్చోమని బస్సు మాటిమాటికీ చెబుతోంది. గాలికి బస్సు ఊగుతోంది.

నేను తలుపు దగ్గరికి వెళ్లి చెప్పాను. "మా కాలనీలో గట్టి బడి ఉంది. శ్లాబు వేసిన గదులు. అన్నం వండి పెడతాం. ఇక్కణ్నుంచి నడక గంట లోపే. రండి."

ముందు సీట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పేరు త్రినాథరావని తర్వాత తెలిసింది, సోంపేటలో కొబ్బరి వ్యాపారం. ఆయన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "ఇది సూడమ్మా. నువ్వు సెప్పిన కాలనీ పేరు కొడితే రిజర్వాయరు సూపిస్తంది. తుపాన్లో మమ్మల్ని నీటిలోకి తీసుకెల్తావేటి?"

ఎన్ని వారాల విసుగో ఆ క్షణంలో గొంతు దాకా వచ్చింది. తిట్టలేదు. "బాబూ, ఆ ఫోన్ కిందికి దించండి. దించి ఆ కిటికీలోంచి చూడండి. ఆ మెట్ట మీద తెల్లటి వాటర్ ట్యాంకు కనిపిస్తోందా? దాని పక్కన ఇళ్లు కనిపిస్తున్నాయా? నీళ్లు మెట్ట మీద నిలబడతాయా?"

ఆయన చూశాడు. చాలామంది చూశారు. "కనిపిస్తంది గాని..." అని ఆయన మళ్లీ ఫోన్ వైపు చూశాడు.

అప్పుడు అసలు సంగతి కూడా చెప్పేశాను. మా ఆయన గురించి, సంచుల గురించి, మీ ఫోన్ల అవసరం మాకుందని, దాచకుండా చెప్పాను. దాచి తీసుకెళ్తే దారిలో అనుమానపడి వెనక్కి పోతారని భయమేసింది. చెప్పినందుకు ఇక ఎవరూ రారనుకున్నాను.

వెనక సీట్లోంచి ఒక అమ్మాయి లేచింది. చంకలో పాప, భుజానికి సంచి. "పాపకి పాలు కాచాలి. మీ ఇంట్లో పొయ్యి ఉందా?" అంది.

"ఉంది."

ఆమె దిగింది. ఇంకో ఇద్దరు దిగారు. చివరికి త్రినాథరావు కూడా గొణుక్కుంటూ దిగాడు. ఫోన్లు ఆపొద్దని, ఎక్కడా ఆగొద్దని చెప్పి నేను ముందు నడిచాను. అంతకు ముందే కాలనీకి ఫోన్ చేసి, మన ఫోన్లన్నీ ఆపేయమని, కొత్త ఫోన్లకి కనబడేలా వైఫై పెట్టెలు మాత్రం వెలుగుతూ ఉంచమని చెప్పాను. తర్వాత నా ఫోన్ కూడా ఆపేశాను.

సగం దూరం వచ్చాక అందరి జేబుల్లోంచీ ఒకేసారి గొంతు లేచింది. "మీరు నీటిలోకి ప్రవేశిస్తున్నారు. వెంటనే వెనక్కి తిరగండి." ముప్పై ఫోన్లు ఒకదాని మీద ఒకటి అదే మాట. కాళ్ల కింద ఎర్రమట్టి, గులకరాళ్లు. వానకి బురదైంది గాని అది ఒట్టి నేలే. కొందరు ఆగిపోయారు. పాపనెత్తుకున్న అమ్మాయి వెనక్కి తిరిగి, "నేలే కదా, నడవండి" అంది. త్రినాథరావు చెప్పులు చేతిలోకి తీసుకుని ఆమె వెనకే నడిచాడు.

వాళ్లని బడిలో చేర్చాం. కాలనీ అంతా తలా ఒక గిన్నె తెచ్చింది.

నమోదు 9. గురువారం

తుపాను పొద్దున్నే దాటిపోయింది. రెండు ఇళ్ల రేకులు లేచాయి, మనుషులకేమీ కాలేదు.

టిఫిన్ వేళకి త్రినాథరావు నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు. 'మీరున్న చోటు: సందేహం ఉంది' అని ఉంది. "ఇదేటమ్మా, పాడైపోనాదా?" అన్నాడు. నేను ఆ ఫోన్ పట్టుకుని అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఇన్నాళ్లలో దానికి మొదటిసారి సందేహం వచ్చింది.

మా ఆయనకి పొద్దున ఎక్కించినది చివరి సంచి. సాయంత్రానికి ఎక్కించడానికి ఏమీ లేదు. పట్నం దారి శనివారం గాని తెరవరట. రేపు పెట్టె ఎక్కడ పడుతుందో అన్నదే ఇప్పుడు నాకున్న ఒకే ఒక్క ఆలోచన. త్రినాథరావు ఫోన్ నుంచే ప్రసూనకి చేస్తే, సందేహం నిర్ధారణ కావడానికి ఇంకా సమయం పడుతుందని, ఎంతని తనకీ తెలియదని చెప్పింది. బస్సు ప్రయాణికులు హైవే తెరిచారని తెలిసి కూడా ఈ పూటకి ఉండిపోయారు. నేను అడగలేదు. పాప తల్లే అందరికీ నచ్చజెప్పిందట.

నమోదు 10. శుక్రవారం

పొద్దున ఆయన నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. మాట తడబడుతోంది. ఫోన్లలో ఇంకా సందేహమే. మధ్యాహ్నం ఒక ఫోన్‌లో బోడిమెట్ట అని వచ్చింది, మళ్లీ పోయింది.

పెట్టె వచ్చే వేళకి దానయ్య రిజర్వాయరు గట్టు మీద నిలబడ్డాడు. నీళ్లలోకి దిగనని నాకు మాటిచ్చాడు. పడవ మాత్రం ఒడ్డుకి లాగి ఉంచుకున్నాడని, అతను మాటలు ఆపి ఆపి చెబుతున్న తీరులోనే అర్థమైంది. నేను మాట్లాడుతోంది త్రినాథరావు ఫోన్ నుంచే. పెట్టేయకుండా అలాగే ఉంచమన్నాను. అతని వైపు గాలి హోరు, ఇటు ఆయన ఊపిరి. రెండూ వింటూ మంచం పట్టె మీద కూర్చున్నాను.

"కనబడతన్నాది అప్పా" అన్నాడు. "డ్యామ్ కాసి నుంచి వొస్తన్నాది."

ఎటు తిరుగుతోందని అడిగాను.

"నీల మీదికి వొచ్చీసినాది."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. దానయ్య పడవని నెట్టుతున్నాడేమోనని, "దిగకు దానయ్యా" అన్నాను.

"దిగనేదు. అప్పా, అది ఆగనేదు. నీల మీద ఆగనేదు. తిన్నగా మీ మెట్ట కాసే వొస్తన్నాది."

బయటికి పరిగెత్తాను. బడి వైపు నుంచి అందరూ వచ్చేశారు. మోతపిట్ట మెట్ట మీదికి వచ్చి మా వాకిలి పైన నిలబడింది. కిందికి దిగలేదు. "అడ్డంకులు తొలగించండి" అంది. చూస్తే వాకిలి నిండా బస్సు వాళ్ల తడి బట్టలు, తాళ్ల మీద ఆరేసి ఉన్నాయి. నేను తాళ్లు తెంపాను. త్రినాథరావు లుంగీలు గుట్టగా పోగేసి పెరట్లోకి విసిరాడు. పాప తల్లి పాప గుడ్డలు పైటలో మూటగట్టుకుంది. నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను, ఎవర్నో నాకే తెలియదు. పెట్టె మెల్లగా నేల మీద ఆనింది.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మాస్కు కట్టుకున్నాను. తలుపులు మూశాను. సంచి వెచ్చబెట్టి కొక్కేనికి తగిలించాను.

నమోదు 11. సోమవారం

మళ్లీ నాలుగుసార్లు మొదలుపెట్టాను. పాదాల వాపు సగం దిగింది. నిన్న పడుకునే నిద్రపోయాడు. బస్సు వాళ్లు శనివారం వెళ్లిపోయారు. కాలనీలో అందరి ఫోన్లూ బోడిమెట్ట అంటున్నాయి.

ఫిర్యాదుల కేంద్రం నుంచి సందేశం వచ్చింది. తమ దగ్గర లోపమేమీ కనిపించలేదు కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నారట. మూసుకోండి. ఇదంతా మీకు పంపాలా వద్దా అని ఆలోచించాను. పంపుతున్నాను, చదవకపోతే మీ ఇష్టం. ప్రసూన చెప్పిన మాటలూ ఈ వాక్యమూ మాత్రం నా దగ్గరి కాగితాల్లోనే ఉంటాయి, పంపే నకలులోంచి తీసేశాను.

ఆయన నిన్నంతా ఫోన్ తెరవలేదు. ఈ పొద్దున ఒకసారి తెరిచి, చుక్క ఎక్కడుందో చూసి, నాకేమీ చెప్పకుండా పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నం దానయ్య వచ్చాడు. ఈసారి తేవలసినదేమీ లేదు, ఊరికే చూసిపోదామని వచ్చానన్నాడు. ఇద్దరికీ ఒకచోటే కంచాలు పెట్టాను.

ఆయన ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు, మింగాడు. రెండో ముద్ద కలుపుతూ ఆగి నా వైపు చూశాడు.

"ఇదేటే, కూరలో ఉప్పు నేదు" అన్నాడు.

ఉప్పు డాక్టరు తగ్గించమన్నాడని ఎన్నోసార్లు చెప్పాను. మళ్లీ చెప్పాలి. దానయ్య తన కంచం వైపు చూసుకుంటూ, "నాకు సరిపోనాది అప్పా" అన్నాడు.

"తినండి ముందు" అని ఇద్దరినీ కసిరి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాను.